కర్టెన్ మీద నెయ్యి

నలభై మూడో ఏట నాకు పెళ్ళయింది. భార్య నాగవేణి, ఆమె ఏడేళ్ళ కూతురు లాస్య ఒకే రోజు మా ఇంటికి వచ్చారు. నాగవేణికి ఇల్లు వారంలోనే తనదైపోయింది. ఎంతగా అంటే, నా లుంగీ ఎక్కడుందో నేను ఆమెను అడగాల్సి వచ్చేది. లాస్య మాత్రం రోజూ సాయంత్రం ఒకటే మాట.

"అమ్మా, మన ఇంటికి ఎప్పుడు పోదాం?"

ఆ పిల్ల నాతో మాట్లాడేది కాదు. అవసరం పడితే వాళ్ళమ్మతో "ఆయన్ను అడుగు" అనేది. కుర్చీలో కూర్చున్నా అంచు మీదే, బస్టాండులో కూర్చున్నట్టు.

ఆదోనిలో నాకు కర్టెన్లు కుట్టే కొట్టుంది. ఆ పని ఎవరి దగ్గరా నేర్చుకోలేదు, ఫోన్లో వీడియోలు చూసి కుట్టడమే. మొదటి కర్టెన్ కిటికీ కంటే జానెడు పొట్టిగా వచ్చింది. ఇప్పుడదే ఫ్యాషన్ అని చెప్పి ఇచ్చేశాను.

మనసుకు మాత్రం గురువున్నాడు. ఊరి చివర చిన్న దర్గాలో ఉండే ఫకీరు, జమాల్ తాత. గురువారం గురువారం పోయి దర్గా ఊడ్చి వచ్చేవాణ్ణి. నేను వచ్చేశాక ఆయన మళ్ళీ ఊడ్చుకునేవాడని చాలా కాలానికి తెలిసింది.

బోహీమియన్ కర్టెన్లు వేస్తే ఎలాంటి ఇల్లయినా వెచ్చగా, మనదిగా అనిపిస్తుందని ఒక వీడియోలో చెప్పారు. పది రోజులు కూర్చుని కుట్టాను. రంగురంగుల గుడ్డముక్కలు, అంచున నూలు కుచ్చులు, అక్కడక్కడా అద్దాలు.

నాగవేణి నడుం మీద చెయ్యి పెట్టుకుని చూసింది.

"మా అమ్మ కుట్టిన బొంతను కిటికీకి వేలాడదీసినట్టుంది."

"ఇది బోహీమియన్."

"అయితే మా అమ్మ కూడా అదేనన్నమాట."

లాస్య పరుగెత్తుకొచ్చి ఒక కుచ్చు పట్టుకుంది. మా ఇంట్లో ఆ పిల్ల పరుగెత్తడం అదే మొదటిసారి. నేనేం చేశాను? "చేతులు! చేతులు!" అని అరిచాను. పిల్ల కుచ్చు వదిలేసి గోడ దాకా వెనక్కి జరిగింది.

కొత్త వస్తువంటే మనకు కవరు తీయబుద్ధి కాదు కదా. రిమోట్‌కు కవరు, సోఫాకు కవరు, స్కూటర్ సీటుకు కవరు. అదే లెక్కన కర్టెన్లకు కింద సగం దాకా ప్లాస్టిక్ కవరు తొడిగి పిన్నులు పెట్టాను. గొప్ప పని చేశానని కూడా అనుకున్నాను.

ఆ సాయంత్రం లాస్య రోజూ అడిగే మాట అడగలేదు.

"నేను అవ్వ దగ్గరికి పోతా. నువ్వు ఇక్కడే ఉండులేమ్మా" అంది.

ఆదివారం వచ్చి పిల్లను తీసుకుపొమ్మని నాగవేణి వాళ్ళమ్మకు ఫోన్ చేసింది. ఆ తర్వాత పిల్ల బట్టలు మడతపెట్టి సంచిలో సర్దింది. అదే నాకు కష్టమనిపించింది.

గురువారం తాత ముందు కూర్చున్నాను.

"ఇల్లంతా అలంకరించాను తాతా. పిల్లకు మాత్రం ఇది ఇల్లు అనిపించడం లేదు. ఇంకా ఏం వెయ్యాలి?"

"ఇంట్లో ఏం వండినారు?"

"ఓళిగలు."

ఆయన అప్పటికే చెప్పులేసుకుంటున్నాడు.

మా ఇంట్లో అడుగుపెట్టగానే తాత ఆగాడు. ఫ్యాను గాలికి కవర్లు కరకరమంటున్నాయి.

"ఆ చప్పుడేందప్పా?"

"కర్టెన్లు తాతా. మాసిపోకుండా కవరేశాను."

"పైన లేదే?"

"పైన చెయ్యి అందదు కదా."

"ఎవరి చెయ్యి?"

లాస్య తన రెండు చేతులూ వీపు వెనక పెట్టుకుంది.

బెల్లం పూర్ణం పెట్టి కాల్చిన ఓళిగల మీద నాగవేణి నెయ్యి ధారగా పోసింది. తాత మూడు తిన్నాడు, పక్కన కూర్చున్న లాస్య ఒకటి తింది. తాత చేతులు కడుక్కోవడానికి నాగవేణి చెంబుతో నీళ్ళు తెచ్చింది. తాత వద్దని తల ఊపి లేచాడు. కర్టెన్ దగ్గరికి పోయి ఒక్కో పిన్నూ తీశాడు. కవరు జారి కింద పడింది. నెయ్యి కారుతున్న చేతిని కర్టెన్‌కు తుడుచుకున్నాడు. నిదానంగా, ముందూ వెనకా, వేళ్ళ సందుల్లో కూడా.

"తా..." అంటూ సగం లేచాను.

లాస్య ఆయన దగ్గరికి పోయి గుసగుసగా, "ఆయన తిడతాడు తాతా" అంది.

"తిడతాడేమో. నువ్వే అడుగు."

పిల్ల నా వైపు తిరిగింది. "తిడతారా?"

నా పది రోజుల పని వైపు చూశాను. దాని నడిమధ్యలో తాత అరచెయ్యి మెరుస్తోంది.

"తిట్టను" అన్నాను.

పిల్ల నమ్మలేదు. చిటికెన వేలు ఒక్కటే గుడ్డకు ఆనించి నా ముఖం చూసింది. నేను కదల్లేదు. ఇంకో వేలు ఆనించింది. తర్వాత రెండు చేతులూ. తర్వాత మూతి. ఆపైన కర్టెన్‌ను ఒంటి చుట్టూ తిప్పుకుని లోపలికి మాయమైపోయింది. కుచ్చుల కింద రెండు పాదాలు మాత్రం కనిపిస్తున్నాయి.

"ఆదివారం అవ్వ వస్తే నేను దీంట్లోనే దాక్కుంటా" అంది లోపలి నుంచి. "మీరు చెప్పొద్దు."

నాగవేణి ఖాళీ పళ్ళెం పట్టుకుని నా వైపు చూస్తూ నిలబడింది.

"చెప్పను" అన్నాను.

తాతను సాగనంపడానికి వీధి దాకా వెళ్ళాను. ఎంత ఆపుకున్నా అడగకుండా ఉండలేకపోయాను.

"తాతా, ఆ నెయ్యి మరక పోతుందంటావా?"

"పోతే చెప్పు" అన్నాడాయన. "మళ్ళీ వస్తా."