అమ్మ ఎగరేసిన రాయి

అనగనగా సముద్రం గాలి తగిలే ఒక ఊళ్ళో, జీడితోటల పక్కన, పైడమ్మ అని ఒకావిడ ఉండేది. పొద్దస్తమానం షెడ్డులో కూర్చుని జీడిపిక్కలు కొట్టేది. చేతులకి బూడిద రాసుకున్నా పిక్కల్లోంచి కారే జీడి ఊరుకుంటుందా? వేళ్ళు నల్లబడి, తోలు ఊడి, బిర్రబిగుసుకుపోయాయి. సాయంత్రానికి ఒళ్ళు హూనం. ఇవాళ నా నడుం ఉన్నట్టే అనుకో. ఊ కొడుతున్నావా?

ఆవిడకో కూతురు, నూకాలు. నీలాగే మొండిఘటం. దానికి అచ్చనగాయలంటే ప్రాణం. ఐదు గులకరాళ్ళలో ఒకటి ఎగరేసి, అది కిందపడేలోపు మిగతావి ఏరాలి. ఒకటి, రెండు, మూడు బాగానే ఏరేది. నాలుగూ ఒక్క ఊపులో ఊడ్చుకునేసరికి పై రాయి జారిపోయేది. "ఇంకోసారి ఓడిపోతే నిన్ను ఆటలో కలుపుకోం" అనేశారు తోటిపిల్లలు.

చిన్నప్పుడు పైడమ్మ నాలుగూ ఊడ్చిందంటే ఊరంతా చూసేదట.

అప్పుడు నూకాలు, "నేర్పవే అమ్మా" అంది. "రేపు నేర్పుతానే తల్లీ" అని పైడమ్మ అలాగే చాప మీద ఒరిగిపోయింది.

మర్నాడు గంజి తాగుతూనే కునికింది.

ఆ తర్వాతి రోజు నూకాలు, "నేనంటే నీకు ఇష్టం లేదు" అని ఏడ్చింది. అప్పుడు పైడమ్మ లేచి కూర్చుని రాయి ఎగరేసింది. నాలుగూ ఊడ్చబోయింది. వేళ్ళు ముడుచుకోలేదు. రాళ్ళు నేల మీదే ఉండిపోయాయి.

నూకాలు ఆ చేతుల్ని సరిగ్గా చూసింది అప్పుడే.

"ఏరడం నా వల్ల కాదు గానీ ఎగరేస్తాను. నువ్వు ఏరు" అంది పైడమ్మ. దూలం తగిలేలా ఎగరేసింది. రాయి తీరిగ్గా దిగింది. ఈలోగా నూకాలు నాలుగూ ఊడ్చి, ఐదోది పట్టేసింది.

"రాయి చేజారిపోతుందేమోనని భయపడి తక్కువెత్తు వేస్తున్నావే నువ్వు. అంతే" అంది పైడమ్మ.

ఆ తర్వాత మళ్ళీ ఆడారు. ఆ తర్వాత ఇంకోసారి. నాలుగోసారి నూకాలు చెయ్యి సిద్ధంగా పెట్టుకుని చూస్తోంది, రాయి లేవదేం? చూస్తే, పైడమ్మ గోడకి ఆనుకుని నిద్రపోయింది. అరచేతిలో రాయి అలాగే ఉంది.

నూకాలు లేపలేదు. మిగతా నాలుగూ ఆ అరచేతిలోనే పెట్టింది. నొప్పి పుట్టకుండా, అమ్మ వేళ్ళు ఒక్కొక్కటే మెల్లగా మూసింది.

కథేమో కంచి దారిలోకి,
రాళ్ళేమో గుప్పిట్లోకి,
మనమేమో దుప్పట్లోకి.