రెండు సీసాల పెట్రోలు

పెట్రోలు బంకులోకి నిప్పు తేకూడదని గోడ మీద ఇంతింత అక్షరాలతో రాసి ఉంటుంది. పెంచలయ్య మాత్రం రోజూ దాన్ని కడుపులో పెట్టుకునే డ్యూటీకి వచ్చేవాడు.

ఆ నిప్పు పేరు ఓబులేసు.

కడప నుంచి రాయచోటి పోయే దారిలో, ఘాటు ఇంకా మొదలు కాకముందే ఉండేది ఆ బంకు. స్కూటర్లకు పెట్రోల్లో ఆయిలు కలిపి పోసే రోజులవి. డబ్బాలో ముందు ఆయిలు పోయాలి, దాని మీద పెట్రోలు పోయాలి, గరిటెతో బాగా తిప్పాలి. ఆయిలు కొలిచే గాజు గ్లాసు మీద ఒక గీత ఉంటుంది. గీత దాటితే బండి పొగ కక్కుతుంది. గీతకు తగ్గితే ఇంజను పట్టేస్తుంది.

ఈ విద్యలో హుస్సేన్ పీరా సాహెబును మించినవాడు భూమ్మీద పుట్టలేదు. ఊరంతా ఆయన్ని ఉస్తాద్ అనేది. ఆయన కలిపిన పెట్రోలు పోసుకుని నేను స్కూటరు మీద గువ్వలచెరువు ఘాటు ఎక్కుతుంటే, ముందర పోతున్న ఎర్రబస్సు డ్రైవరు సిగ్గుపడి బస్సు పక్కకు ఆపుకున్నాడు. పైకి పోయి వెనక్కి తిరిగి చూద్దును కదా, ఒక గద్ద నన్ను అందుకోలేక రొప్పుతూ రాతి మీద కూలబడింది. ఇందులో అబద్ధముంటే నా మీసం తీసేస్తాను.

అంతటి ఉస్తాద్‌కూ చేతులు వణకడం మొదలైంది. ఇక ఈ ఆయిలు, పెట్రోలు మిక్చరు కలిపే పని ఇద్దరు శిష్యుల్లో ఒకరికి అప్పజెప్పాలి. రెండోవాడు అవతల లారీలకు డీజిల్ కొట్టుకోవాలి. పెంచలయ్య పాతవాడు, ఆ పని తనదేననుకున్నాడు. ఓబులేసు నిన్నగాక మొన్న వచ్చినవాడు. కానీ స్కూటర్లన్నీ ఓబులేసు ముందే బారులు తీరేవి.

"వాడు నవ్వుతా పోస్తాడు, అందుకే పోతాండారు," అనేవాడు పెంచలయ్య నాతో. "నవ్వుతో బండి నడుస్తాదా అన్నా?"

ఓబులేసు గ్లాసు ఎత్తితే ఇతని మెడ అటు తిరిగేది. అక్కడ ఎవరైనా "భలే ఓబులేసూ" అంటే ఇతని దవడ బిగుసుకునేది. వాడి చొక్కా కూడా తన చొక్కా కంటే తెల్లగా ఉందని ఒకరోజు చాకలితో జగడం పెట్టుకున్నాడు.

చివరికి పెంచలయ్య ఉండబట్టలేక ఉస్తాద్ ముందుకొచ్చి నిలబడ్డాడు.

"ఉస్తాద్, నా మిక్చరు మేలా, వాడిది మేలా? ఈరోజు తేలిపోవాల. నాది ఓడితే నేనే డీజిల్ పంపుకాడికి పోతా. మళ్లీ గ్లాసు ముట్టను."

"మాట మీదుంటావా?"

"మా అమ్మ మీద ఒట్టు."

ఉస్తాద్ లోపలికి పోయి, ఒకే రకం సీసాలు రెండు తెచ్చి బల్ల మీద పెట్టాడు. రెండిట్లోనూ మిక్చరే. చూడ్డానికి రెండూ ఒకటే రంగు.

"ఈ పొద్దు కలిపినవే," అన్నాడు. "ఒకదాని తర్వాత ఒకటి పోసుకుని తిరిగిరా. ఏది మంచిదో నువ్వే చెప్పు."

బండి ఎవరిది? నాదే. జిల్లాలో అంతటి బండి ఇంకోటి లేదు కాబట్టి. టాంకీ ఖాళీ చేయించి, మొదటి సీసా పోశారు. పెంచలయ్య ఒక్క తన్నుకే బండి లేచింది. మిషను మీద దర్జీ కుట్టినట్టు, శబ్దం ఒకే తీరున సాగింది. మలుపు దాకా పోయి, నవ్వుకుంటూ తిరిగొచ్చాడు.

"వెన్న ఉస్తాద్, వెన్న!"

మిగిలింది తీసేసి రెండో సీసా పోశారు. బండి దగ్గింది. వెనక నుంచి లేచిన పొగకు బంకు కనపడలేదు, రోడ్డు కనపడలేదు, రాయచోటిలో పొద్దుగూకిందని కోళ్లు గూళ్లకు పోయాయి. మలుపు దగ్గర బండి ఆగిపోయింది. పెంచలయ్య దాన్ని తోసుకుంటూ వచ్చాడు. మొహం నిండా మసి. ఆ మసిలోంచి పళ్లు తెల్లగా నవ్వుతున్నాయి.

"ఏమప్పా ఓబులేసూ, స్కూటరుకు పోస్తాండావా, దోమలకు మందు కొడతాండావా? ఆయిలు గ్లాసుతో కొలిచినావా, చెంబుతో కొలిచినావా?"

ఓబులేసు తల వంచుకున్నాడు. పొద్దున్నుంచీ తాను కలిపినవన్నీ మనసులో తడుముకుంటున్నట్టుంది, పెదవులు కదులుతున్నాయి.

"మొదటిది నాది, రెండోది వాడిది," అన్నాడు పెంచలయ్య. "ఇప్పుడు చెప్పు ఉస్తాద్. డీజిల్ పంపుకాడికి ఎవురు పోవాల?"

ఉస్తాద్ తన భుజం మీది తువ్వాలు తీసి అతనికి ఇచ్చాడు.

"మొహం తుడుచుకో బేటా. రెండూ నీ డబ్బాలోవే."

పెంచలయ్య నవ్వు అట్లాగే ఉండిపోయింది, మనిషి లేచి వెళ్లాక మిగిలిన ఖాళీ కుర్చీ మాదిరి.

"మొదటిది పొద్దున్నే, ఓబులేసు బస్సు దిగకముందు కలిపినావు," అన్నాడు ఉస్తాద్. "రెండోది వాడొచ్చినాక కలిపినావు."

నేను కూడా నోరు మూసుకున్నాను. నా జన్మలో అట్లా జరగడం అదొక్కసారే.

పెంచలయ్య ఆ రెండు సీసాల వంక చూసి మొహం తుడుచుకున్నాడు. తువ్వాలు మడిచి బల్ల మీద పెట్టి, లారీలు ఆగే వైపు నడవడం మొదలుపెట్టాడు.

"యాడికి?" అన్నాడు ఉస్తాద్.

"ఒట్టు పెట్టుకుంటిని గదా. ఓడిపోయినా."

"ఎవరి చేతిలో?"

పెంచలయ్య కాలు ముందుకు పడలేదు.