వాగు మధ్య పల్లకి

ఏ రాజ్యమో గుర్తులేదు గానీ, ఆ ముసురు మూడు రోజులు వదల్లేదు. ఆ మూడు రోజులూ బోయీలకు గంజి లేదు. పల్లకిలో వెచ్చగా కూర్చున్న ఆస్థాన పండితుడు లెక్క తేల్చేశాడు మరి: “బరువు ఎత్తితే పని, దించితే పని. చదును నేలమీద మోస్తే పని సున్నారా. చేయని పనికి గంజెందుకు?”

ఆ సున్నాను మోస్తూనే రెండో రోజు ముసలి సింహాద్రి కూలబడి ప్రాణం విడిచాడు. అతని జోడీ గంగులు.

మూడో రోజు వాగు మధ్యకు రాగానే గంగులు పల్లకి దింపించాడు. నీళ్లు పండితుడి ఒళ్లోకొచ్చాయి.

“ఇక్కడ దించావేంరా?”

“దించడం పనే కదండీ, చేశాం. ఎత్తమంటే ఎత్తుతాం, అదీ పనే. గట్టుదాకా మోయడం మాత్రం పని కాదని తమరే సెలవిచ్చారు.”

నీళ్లు పొట్ట దాటాయి. “మోయడమూ పనేరా నాయనా” అన్నాడు పండితుడు.

గట్టెక్కాక గంజి కాచించాడు. గంగులు నాలుగో ముంత కూడా చాపాడు.

“ఉన్నది ముగ్గురేగా?”

“నిన్నటిదాకా నలుగురం మోశాం, స్వామీ.”

పండితుడు అందులోనూ పోయించాడు. ఆ ముంతను మాత్రం ఎవరూ ముట్టలేదు.