ఎవరికీ కనిపించని చందమామ వీపు

ఒకప్పుడు పగలు ఒక చోటు, రాత్రి ఇంకో చోటు. ఎందుకంటే అప్పట్లో భూమి కదిలేది కాదు. సూర్యుడికి ఎదురుగా ఒకేవైపు తిరిగి, ఉన్నచోటే నిలబడి ఉండేది.

వెలుగువైపు పుంజులకు ఎప్పుడు చూసినా తెల్లారినట్టే ఉండేది. కూసి కూసి పాపం వాటి గొంతులు బొంగురుపోయాయి. చీకటివైపు పుంజులు పుట్టి బుద్ధెరిగాక ఒక్కసారీ కూయలేదు. అక్కడ విత్తనం వేస్తే మొలిచేది కాదు, తడిబట్ట ఆరేసినా ఆరేది కాదు.

ఒకసారి చీకటివైపు కోడిపెట్ట ఒకటి గొల్లుమంది.

"అమ్మా, భూమమ్మా! నా పిల్లలు చలికి కొయ్యబారిపోతున్నాయి. ఎంత పొదువుకున్నా నా ఒంట్లో వేడి చాలడం లేదు. కాస్త ఎండ ఇప్పించు తల్లీ!"

భూమికి కడుపు తరుక్కుపోయింది. ఆమె అభిమానవంతురాలు. ఎవరి ముందూ చెయ్యి చాచినది కాదు. అయినా పిల్లల కోసం నోరు తెరిచింది.

"సూర్యయ్యా, ఒక్కసారి నా వెనకవైపుకి వచ్చి వెళ్ళవా? అటు పిల్లలు చలికి చచ్చిపోతున్నారు."

సూర్యుడు మీసం మెలేశాడు.

"నేను కదలడమా? బాగానే ఉంది! అయినా నీకేం తక్కువమ్మా? వెలుగువైపు బోలెడుమంది పిల్లలున్నారుగా. వాళ్ళతో సరిపెట్టుకో."

ఆ మాటకి భూమికి ఒళ్ళు మండిపోయింది.

"ఏ వేలు కోసినా నొప్పి ఒకటే సూర్యయ్యా! నువ్వు రానక్కర్లేదు. నేనే తిరుగుతాను. నా పిల్లలందరికీ నేనే ఎండ చూపిస్తాను."

"తిరుగుతావా? నెత్తిన అన్ని కొండలు, ఒళ్ళో అంత సముద్రం పెట్టుకునా? బోర్లా పడతావు!" అని సూర్యుడు పకపకా నవ్వాడు.

భూమి కొంగు నడుముకి బిగించింది. కళ్ళు గట్టిగా మూసుకుని గిర్రున తిరిగింది. కళ్ళు మూసుకుని తిరిగితే ఏమవుతుందో మీకు తెలీదూ? తల తిరిగిపోయి ఒక పక్కకి తూలింది. సముద్రాలు ఒడ్లు దాటి చిందాయి. కోడిపిల్లలు కీచుకీచుమంటూ దొర్లాయి. సూర్యుడు కడుపు పట్టుకుని మరీ నవ్వాడు.

భూమికి ఒక్కగానొక్క తమ్ముడు చంద్రుడు. అప్పట్లో వాడొక దేశదిమ్మరి. బుద్ధి పుట్టినవైపు మొహం తిప్పుకుని, చుక్కల మధ్య షికార్లు కొట్టేవాడు. అక్కని చూసి ఎవరో నవ్వుతున్నారని చెవిన పడగానే పరుగున వచ్చాడు.

"అక్కా, ఇదేం తిరగడం? చిన్నప్పుడు నాకు నేర్పిన ఆట నువ్వే మరిచిపోయావా?"

ఆ ఆట మీరూ ఆడే ఉంటారు. ఇద్దరు చేతులు అడ్డంగా పట్టుకుని, వెనక్కి వాలి గిరగిరా తిరుగుతారు. కిందకి చూస్తే కళ్ళు తిరుగుతాయి. పట్టు వదిలితే చెరోవైపు పడతారు. ఎదుటివాళ్ళ మొహమే చూస్తూ ఉంటే మాత్రం ఏమీ కాదు.

"కళ్ళు తెరువు. నువ్వు జోరుగా తిరుగు, నేను నీ చుట్టూ మెల్లగా తిరుగుతాను. నా మొహం ఎదురైనప్పుడల్లా దాన్నే చూడు. నేనూ నీ మీంచి చూపు తిప్పను, పట్టు వదలను," అన్నాడు చంద్రుడు.

"ఒకసారి పట్టుకుంటే మరి వదలడానికి లేదురా. నీ షికార్ల మాటేమిటి?"

"మేనమామనే నేను! అక్క పిల్లలు చలికి వణుకుతుంటే చుక్కల్లో షికార్లా? సిగ్గుండొద్దూ?"

భూమి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. తమ్ముడి మొహం చూస్తూ మళ్ళీ తిరిగింది. ఈసారి తూలలేదు.

చీకటివైపు మెల్లగా వెలుగులోకి వచ్చింది. కోడిపిల్లలు ఒళ్ళు విదిలించుకుని లేచాయి. ఎన్నడూ కూయని పుంజు మెడ సాచి కొక్కొరొకో అంది. తన గొంతు విని తనే ఉలిక్కిపడింది. అటువైపు బొంగురుగొంతు పుంజులు మొట్టమొదటిసారి హాయిగా నిద్రపోయాయి.

సూర్యుడి మీసం తనంతట తనే కిందికి దిగింది.

"తప్పయింది తల్లీ. అన్నేసి బరువులతో ఇలా తిరిగినవాళ్ళని నేను చూడలేదు. ఉన్నచోటే ఎందుకు, నా ముంగిలంతా నీదే. నువ్వు పడకుండా నేనూ పట్టుకుంటాను. నా చుట్టూ తిరుగు," అన్నాడు.

భూమి తల ఎత్తి అంది. "తిరుగుతాను. ఎండ అడుక్కోవడానికి మాత్రం కాదు. నా పిల్లలు ఎలాంటివాళ్ళో నీకు చూపించడానికి! అటువాళ్ళనీ ఇటువాళ్ళనీ, ఒక్కర్నీ వదలకుండా చూపిస్తాను."

అప్పటినుంచే భూమి తన చుట్టూ తాను తిరుగుతూ, సూర్యుడి చుట్టూ కూడా తిరుగుతోంది. మొదట తూలినప్పటి వంపుని ఆమె సరిచేసుకోలేదు, అది పడబోయి నిలబడిన గుర్తని ఉంచుకుంది. ఆ వంపువల్లే మనకి ఎండాకాలం, చలికాలం. తమ్ముడి పట్టు ఎంత గట్టిదో సముద్రానికి పోటు వచ్చినప్పుడు తెలుస్తుంది.

చంద్రుడు అప్పటినుంచే అక్క మీంచి మొహం తిప్పలేదు. భూమ్మీద నిలబడి చూసేవాళ్ళెవరికీ ఇంతవరకు వాడి వీపు కనిపించలేదు. ఆకాశంలో అంతమంది ఉన్నా, పిల్లలు ఆ ఒక్కణ్ణే మామా అని పిలుస్తారు.