వాగు దాటిన దుప్పి

తుమ్మలకోన అడవిలో ఎలుగుబంట్లు, దుప్పులు, కొండముచ్చులు, కుందేళ్ళు కలిసిమెలిసి ఉండేవి. వాటికి బుట్టబంతి ఆటంటే ప్రాణం. ఇప్పచెట్టు కొమ్మకు తీగల బుట్ట కట్టి, గడ్డితో చుట్టిన బంతిని అందులో వేయాలి. కొండముచ్చులు చేత్తో విసిరేవి. దుప్పులు కొమ్ములతో ఎగరేసేవి.

సరదా ఆటే కదా అనుకునేరు. తుమ్మలకోనకూ, పక్కనున్న ఎర్రగుట్ట అడవికీ కలిపి ఒక్కటే మడుగు. ఎండాకాలం మొదలవగానే రెండు జట్లూ తలపడేవి. గెలిచిన అడవి ఆ ఎండలన్నాళ్ళూ ముందుగా నీళ్ళు తాగుతుంది. ఓడిన అడవికి వాళ్ళు తాగి, తొక్కి వదిలిన బురదే దిక్కు.

ఆ ఏడు తుమ్మలకోన జట్టంతా కుర్రకారే. జట్టు పెద్ద జంబయ్య అనే ఎలుగుబంటి. మనసు మంచిదే గానీ, ఓపిక మాత్రం ఆవగింజంత.

జట్టులో అందరికన్నా బాగా ఆడేవాడు చుక్కన్న అనే పడుచు దుప్పి. అయితే వానలు వెలిసేసరికి వాడి పాత కొమ్ములు రాలిపోయాయి. కొత్తవి జానెడు మొలిచాయి. మెత్తటి నూగుతో ఉన్న ఆ కొమ్ములకు బంతి తగిలితే ప్రాణం విలవిల్లాడేది. పాపం, ఆడలేక పక్కన నిలబడి చూస్తుండేవాడు.

వానలు వెలిశాక రెండు అడవులూ ఆటగాళ్ళను మార్చుకోవడం ఆనవాయితీ. వాగు దాటి వెళ్ళినవాడు ఇక అవతలి అడవివాడే. వెనక్కి తీసుకోవడమన్నది లేదు.

ఎర్రగుట్ట జట్టులో వీరకొమ్ము అనే దుప్పి ఉండేవాడు. వాడి కొమ్ములు చూసి జంబయ్యకు కళ్ళు చెదిరిపోయాయి. పొరుగింటి పుల్లకూర రుచి అని ఊరికే అన్నారా? చుక్కన్నను ఇచ్చేసి వీరకొమ్మును తెచ్చుకుందామని అందరినీ పిలిచి చెప్పాడు.

కుందేళ్ళు చెవులు ఊపి సరేనన్నాయి. ఈసారైనా మంచినీళ్ళు తాగాలని వాటి ఆశ. చుక్కన్నతో కలిసి పెరిగిన తోకన్న అనే కొండముచ్చు మాత్రం వద్దంటే వద్దని మొత్తుకున్నాడు. ఎవరూ వినిపించుకోలేదు.

అప్పుడు చుక్కన్న అమ్మమ్మ పుల్లమ్మ లేచింది.

"జంబయ్యా, దుప్పి కొమ్ములు ఏటా రాలతాయి, ఏటా మొలుస్తాయి. వీడివి మొలుస్తున్నాయి. వాడివి రాలే రోజు దగ్గరపడుతోంది. కాస్త ఓపిక పట్టు నాయనా" అంది.

జంబయ్యకు కొమ్ములుంటేగా వాటి సంగతి తెలియడానికి! మనవడి మీద మమకారంతో ముసలమ్మ ఏదో అంటోందనుకున్నాడు. ఆలస్యం అమృతం విషం అని ఆ మాట కొట్టిపారేశాడు. కొమ్ములు మళ్ళీ మొలుస్తాయని తెలిసిన ఎర్రగుట్టవాళ్ళు ఈ మార్పిడికి సరేనన్నారు.

వాగు ఒడ్డున చుక్కన్న ఆఖరిసారి బతిమాలాడు.

"మామా, ఎండలు వచ్చేసరికి నా కొమ్ములు గట్టిపడతాయి. అందాకా ఉండనివ్వు."

జంబయ్య మొహం తిప్పుకున్నాడు. చుక్కన్న వెనక్కి చూసుకుంటూ, చూసుకుంటూ వాగు దాటాడు. తోకన్న చాన్నాళ్ళు ఆట వైపే రాలేదు.

మొదట్లో వీరకొమ్ము బుట్టలో బంతి మీద బంతి వేశాడు. జంబయ్య ఛాతీ విరుచుకుని తిరిగాడు. చలికాలం గడిచింది, ఎండలు మొదలయ్యాయి, పోటీ రోజు వచ్చింది.

ఆట ఇంకా ఊపందుకోలేదు. వీరకొమ్ము బంతి కోసం తల ఎగరేశాడు. పుటుక్కుమని ఒక కొమ్ము ఊడి పడింది. కాసేపటికి రెండోదీ రాలింది. అందులో వాడి తప్పేముంది? వాడి కాలం వచ్చింది, అంతే.

అవతల చుక్కన్న కొత్త కొమ్ములు నిగనిగలాడుతున్నాయి. అతను ఎగరేసిన ప్రతి బంతీ బుట్టలోనే పడింది. పడిన ప్రతిసారీ అతను తల దించుకున్నాడు గానీ, ఒక్కసారీ నవ్వలేదు. ఎర్రగుట్ట గెలిచింది.

ఆ ఎండల్లో తుమ్మలకోన పిల్లలు బురదనీళ్ళు తాగి దగ్గడం జంబయ్య రోజూ చూశాడు. పుల్లమ్మ ఆ నీళ్ళు గొంతు దిగక నానాటికీ చిక్కిపోయింది. ఒక్కనాడూ జంబయ్యను పల్లెత్తు మాట అనలేదు. తిట్టినా బాగుండేదని అతను కుమిలిపోయాడు.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, ఒకరోజు మడుగు దగ్గర చుక్కన్నను కలిశాడు. కట్టుబాటు తెలిసీ సిగ్గు విడిచి అడిగాడు.

"తప్పు నాదేరా. మన అడవికి వచ్చెయ్."

చుక్కన్న కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"రావాలనే ఉంది మామా. కానీ కొమ్ములు లేని రోజుల్లో నన్ను ఉంచుకుంది వీళ్ళు. నువ్వు కాదు" అన్నాడు.

జంబయ్య పక్కకు జరిగాడు. ఎర్రగుట్టవాళ్ళంతా తాగి వెళ్ళేదాకా నిలబడి, తన అడవి పిల్లలను బురద దగ్గరికి నడిపించుకెళ్ళాడు.

నీతి: ఎదిగేవాడి నేటి లోటు చూసి వదులుకుంటే, వాడి రేపటి బలం పొరుగువాడి సొమ్మవుతుంది.