కుడి వంత

భూషణం గారిని ప్రశ్న అడిగినవాళ్ళకు జవాబు దొరకడం అరుదు, పని దొరకడం మాత్రం ఖాయం. గోదావరి లంకల్లో బుర్రకథ చెప్పేవాళ్ళలో సగంమంది ఆయన శిష్యులే. గజ్జె కట్టడం దగ్గర్నుంచి జనాన్ని కట్టిపడేయడం దాకా ఆయన దగ్గరే నేర్చుకున్నారు. ఆ శిష్యులందరిలో ఆయన గర్వంగా చెప్పుకునే పేరు ఒక్కటే, మంగతాయారు. ఆ సంగతి ఆమె ముందు మాత్రం పొరపాటున కూడా అనేవారు కాదు.

మంగతాయారు తంబురా భుజాన వేసుకుని నడుమ నిలబడి కథ చెబుతుంటే, కుడిపక్కన డక్కీ వాయిస్తూ హాస్యం పలికే వంత ఆమె భర్త గవర్రాజు. కోట ముట్టడి ఘట్టంలో శత్రువుల దండు వచ్చిందని ఆమె పాడగానే, "నా పెళ్ళాన్ని కోటగుమ్మంలో నిలబెట్టండయ్యా, దండు దానంతటదే వెనక్కి తిరుగుద్ది!" అనేవాడు. జనం పొట్టలు పట్టుకునేవారు. ఆమె ఉరిమి చూసేది. ఆ చూపుకి ఇంకోసారి నవ్వేవారు. పోయిన వానాకాలం జ్వరంతో పడుకున్న గవర్రాజు మరి లేవలేదు.

కొన్నాళ్ళకు ఆమె మళ్ళీ గజ్జె కట్టింది గానీ, కుడిపక్కన ఎవరినీ నిలబడనివ్వలేదు. గురువుగారు ఎవరిని చూపించినా తల అడ్డంగా ఊపింది. తన మాట తాను పాడి, చటుక్కున పక్కకు తిరిగి, భర్త మాట భర్త గొంతుతో తానే చెప్పేది. తన మీద ఆయన వేసిన ఛలోక్తిని తానే వేసుకునేది. జనం నవ్వడం మానేసి కళ్ళొత్తుకునేవారు. "ప్రేమంటే అదమ్మా" అనేవారు. అంటే ఏం లాభం? ఒక్క నోటితో ఇద్దరి కథ చెప్పబోయి, ఒక ఊళ్ళో ముట్టడి ఘట్టం దగ్గర ఆమె గొంతు పూడుకుపోయింది. కథ సగంలో ఆగింది. అంతకు మించిన తలవంపు వాళ్ళ విద్యలో లేదు. మరొక్కసారి అలా జరిగితే ఎవరూ పిలవరని, తంబురా చిలక్కొయ్యకు తగిలించేయవలసిందేనని ఆమెకు తెలుసు.

మర్నాడు ఆమె గురువుగారి అరుగు మీద కూర్చుని అడిగింది. "గురువుగారండీ, ఆ చోట ఇంకో మనిషిని నిలబెడితే, ఆయన్ని నా చేత్తో నేనే తుడిచేసినట్టు కాదాండీ? మనసిచ్చినోళ్ళు పోయాక మనం మారిపోవచ్చాండీ?"

భూషణం గారు తమలపాకుకు సున్నం రాసుకుంటూ, "శుక్రవారం తీర్థంలో నీ కథ ఒప్పుకున్నాను. నా తెల్ల పంచె ఉతికి గంజి పెట్టు. కుడి వంత నేనే" అన్నారు.

ఆమె అదిరిపడి లేచింది. గురువు శిష్యురాలికి వంతగా నిలబడటమా! "అయ్యబాబోయ్, పాపం కదండీ" అంటే, "నా పాపం నేను పడతాలే" అని ఆకు బుగ్గన పెట్టుకున్నారు.

తీర్థం నాటి సాయంత్రం జనం విరగబడి వచ్చారు. మొదటి ఛలోక్తి దగ్గర ఆమె అలవాటు చొప్పున పక్కకు తిరిగి, గవర్రాజు గొంతుతో తానే చెప్పేసింది. తెరవబోయిన నోరు భూషణం గారు మూసుకున్నారు. రెండోసారీ అంతే. అంత పెద్దాయన, తలపాగా చుట్టుకుని డక్కీ పట్టుకుని దిష్టిబొమ్మలా నిలబడి ఉన్నారు. ముందు కూర్చున్న ఒక ముసలమ్మ ఉండబట్టలేక అరిచింది. "ఓసే తాయారూ! పెద్దాయన్ని నిలబెట్టింది చూట్టానికా ఏంటే? ఆయన్ని కూడా ఓ మాట చెప్పనీయవే!"

జనం గొల్లుమన్నారు. మంగతాయారు ముఖం కందిపోయింది. అప్పటికే గొంతు బొంగురుపోతోంది, ముట్టడి ఘట్టం రానే వచ్చింది. కోట చుట్టూ శత్రువుల డేరాలు వెలిశాయని పాడింది. గవర్రాజు మాట నాలుక చివరిదాకా వచ్చింది. దాన్ని దిగమింగింది. అది మింగడం ఎంత కష్టమో ఆమెకే తెలుసు.

ఆ ఖాళీలో భూషణం గారు ఒక దెబ్బ ఆలస్యంగా డక్కీ మోగించి అన్నారు. "అంతమంది వచ్చారు సరేగానమ్మా, భోజనాలు చేసొచ్చారా? మనింట్లో బియ్యం నిండుకున్నాయ్!"

గవర్రాజు మాటకు అది సాటి రాదు. చెప్పిన తీరు మరీ అన్యాయం. అయినా తన హాస్యానికి తానే మురిసిపోతున్న గురువును చూసి జనం పగలబడి నవ్వారు. ఆ నవ్వు సద్దుమణిగేలోగా మంగతాయారు గుండెల నిండా గాలి పీల్చుకుంది. "వంటింటి గోల మాని కత్తి పట్టవయ్యా!" అని గద్దించింది. ఆ మాట ఆమెకు ఎవరూ నేర్పింది కాదు. "కత్తిపీటైతే పడతాను తల్లీ" అన్నారాయన.

ఇక ఆమె కథ చెప్పింది చూడండి! కోటగుమ్మం విరిగినప్పుడు పసిపిల్లల్ని తల్లులు ఒళ్ళోకి లాక్కున్నారు. ఖంగుమన్న ఆ గొంతు తీర్థం చివర జీళ్ళ దుకాణాల దాకా వెళ్తే, అక్కడివాళ్ళు తూకం ఆపి విన్నారు. భూషణం గారైతే వింటూ వింటూ రెండుచోట్ల "తందాన తాన" అనడమే మరిచిపోయారు. ఆయనకు కళ్ళనీళ్ళు తిరిగాయి, దాచుకోవాలని కూడా తోచలేదు.

మంగళం పాడాక ఆమె గజ్జెలు విప్పుకుంటూ, "మీ హాస్యం ఏం బాలేదండీ. ఆయనుంటే మిమ్మల్ని ఏడిపించేసేవోరండీ" అని నవ్వింది. పోయినవాణ్ణి తలుచుకుని నవ్వడం అదే మొదలని ఆమెకు తట్టనేలేదు. కథ నెగ్గుకొచ్చానన్న గర్వం మాత్రం ఒళ్ళంతా పాకుతోంది. అంతలోనే ఆ గర్వం తప్పేమోనని భయం వేసింది. "బాగా చెప్పాననిపిస్తోందండీ గురువుగారండీ. అలా అనిపించొచ్చాండీ, ఆయన లేకుండా?"

భూషణం గారు మోకాళ్ళు పట్టుకుని మెల్లగా చాప మీద కూర్చున్నారు.

"వంత హాస్యం జనం కోసమనే అనుకుంటారమ్మాయ్ అంతా. అది కథ చెప్పేవాళ్ళకు ఊపిరి తిరగడానికి" అన్నారు. తలపాగా విప్పుతూ మళ్ళీ అన్నారు. "గవర్రాజుకి ఆ సంగతి బాగా తెలుసు."