అద్దంలో ఆవకాయ ముద్ద

తూముల వారింట్లో తెలివికి కొదవ లేదని ఊళ్ళో అందరికంటే ముందు తూముల వారే ఒప్పుకుంటారు. తవిటమ్మ తెలివైంది. ఆవిడ పెద్ద కొడుకు కూర్మయ్య ఆవిడ కంటే తెలివైనవాడు. చిన్న కొడుకు బైరాగి వాళ్ళిద్దరికీ సలహాలిచ్చేవాడు. ఇక పెద్ద కోడలు దాలమ్మ సంగతి చెప్పనే అక్కర్లేదు. కాపురానికొచ్చిన కొత్తలో అత్త పొయ్యి మీద పాలు చూస్తూ ఉండమంటే, అవి పొంగి, పొర్లి, పొయ్యి ఆరిపోయేదాకా రెప్ప వెయ్యకుండా చూసింది. చూడమన్నది చూసే కోడలు ఎంతమందికి దొరుకుతుందని తవిటమ్మ వీధంతా చెప్పుకుని మురిసిపోయింది.

నలుగురూ ఊరి చివర జీడిపప్పు బట్టీలో పిక్కలు కొట్టేవాళ్ళు. పిక్క పగిలితే జీడి రసం చిమ్ముతుంది. అది తగిలిన చోట చర్మం నల్లబడి, పొంగి, పొరలు పొరలుగా ఊడుతుంది. ఆముదం రాసుకున్నా, బూడిద పులుముకున్నా వేళ్ళు మాత్రం ఎప్పుడూ పచ్చి పుండే. అందుకని ఆ ఇంట్లో అందరూ చెంచాలతోనే తింటారు.

దాలమ్మ దుఃఖమంతా అక్కడే ఉంది. ఆవిడకి చీరల మీద ఆశ లేదు, నగల మీద ఆశ లేదు. వేడి వేడి అన్నంలో ఆవకాయ వేసుకుని, నూనె పోసుకుని, తన వేళ్ళతో తను కలుపుకుని ఒక్క ముద్ద తినాలి. చెంచాతో తింటే ఆవకాయ కూడా మందులాగే ఉంటుంది. వేళ్ళు పెట్టిందా, కారం పుండులోకి దిగి ప్రాణం జివ్వుమంటుంది. జాడీ మూత తీసి వాసన చూసి, కళ్ళు తుడుచుకుని మళ్ళీ మూత పెట్టేసేది.

అలాంటి రోజుల్లో ఊళ్ళోకి వసుంధర అనే డాక్టరమ్మ వచ్చింది. జీడి చేతులకి కొత్త పూత మందు కనిపెట్టారట, అది పనిచేస్తుందో లేదో పరీక్ష చెయ్యాలట. తూముల వారింటికొచ్చి ఆవిడ చాలా మర్యాదగా చెప్పింది.

"ఈ పరిశోధన మీ మీద చేసేది కాదు, మీతో కలిసి చేసేది. మిమ్మల్ని అడగకుండా ఇందులో ఏదీ చెయ్యం" అని మంచం మీద కూర్చుంది.

ఇంకేముంది, కూర్మయ్య మొహం ముడుచుకున్నాడు.

"అడక్కండా కూకున్నారేటమ్మా?"

డాక్టరమ్మ నవ్వి, లేచి, అడిగి, కూర్చుంది. తర్వాత అడిగి మంచినీళ్ళు తాగింది. అడిగి విసనకర్ర అందుకుంది. చివరికి తుమ్ము వచ్చి, ముక్కు పట్టుకుని నలుగురి మొహాలూ చూసింది. వాళ్ళు గుసగుసలాడుకుని సరేననేసరికి తుమ్ము కాస్తా వెళ్ళిపోయింది. పెద్ద చదువులు చదివిన మనిషి తమ మాట లేనిదే తుమ్మలేదని తెలిశాక ఆ ఇంట్లో ఎవరి కాళ్ళూ నేల మీద ఆనలేదు.

అప్పుడు ఆవిడ, చేతులు నయమైనట్టు దేన్నిబట్టి చూడమంటారని అడిగింది. పెద్ద డాక్టర్లు పొక్కుల సైజు కొలవాలంటున్నారట, మచ్చల రంగు చూడాలంటున్నారట. కూర్మయ్య రంగు బాగుందన్నాడు. బైరాగి సైజు అన్నాడు. దాలమ్మ మాత్రం చాలాసేపు తలొంచుకుని కూర్చుని, నోరు విప్పింది.

"నా సేత్తో నాను ఆవకాయన్నం కలుపుకుంటే మంటెట్టకూడదమ్మా. అది సాలు."

డాక్టరమ్మ ఆ మాటని ఉన్నదున్నట్టు కాగితం మీద రాసుకుంది. తర్వాత, ఇది ఇంతవరకూ తమలో ఎవరికీ తట్టలేదని, పరీక్ష ఇదేనని చెప్పి, దానికి ఆవకాయ పరీక్ష అని పేరు పెట్టింది. దాలమ్మకి గుండె నిండిపోయింది. తన కోరికని ఒక మనిషి కూర్చుని వినడం అదే మొదలు మరి.

డాక్టరమ్మ రెండు డబ్బాలు తీసింది. ఎర్ర మూతది కుడి చేతికి, నీలం మూతది ఎడమ చేతికి. ఒకదాంట్లో మందుంది, రెండోదాంట్లో ఉత్త జిడ్డే. ఏది ఏదో తనకి కూడా చెప్పలేదని, పట్నంలో వేరే వాళ్ళకే తెలుసని, అలా అయితేనే పరీక్ష నికార్సుగా ఉంటుందని చెప్పింది. కుడి చేతి మందు ఎడమ చేతికి అంటకూడదు, ఎడమ చేతిది కుడి చేతికి అంటకూడదు అని గట్టిగా చెప్పి వెళ్ళింది.

ఆవిడ వీధి మలుపు తిరిగేసరికి తూముల వారికి జాలి పొంగుకొచ్చింది. పాపం, మందు ఎందులో ఉందో డాక్టరమ్మకే తెలీదు. బైరాగి వీధి వీధీ తిరిగి, డాక్టరమ్మ మందు పోగొట్టుకుందని, ఎవరికైనా దొరికితే తెచ్చివ్వాలని చాటి వచ్చాడు. సాయంత్రానికి ఇంటి ముందు జనం. ఒకావిడ దగ్గు మందు తెచ్చింది. ఒకాయన పశువుల మందు తెచ్చాడు. ఇంకొకాయన ఎలకల మందు తెచ్చి, ఇది మీ డాక్టరమ్మదేనా అన్నాడు.

రాత్రి పూత వేళకి అసలు చిక్కొచ్చింది. కుడి చేతికి రాసుకోవాలంటే ఎడమ చేత్తో రాయాలి. రాస్తే ఎడమ చేతికి అంటుతుంది. దాలమ్మ ఎర్ర మూత డబ్బా ముందు పెట్టుకుని ఆలోచించి ఆలోచించి ఉపాయం కనిపెట్టింది. తన కుడి అరచేతిని మొగుడి కుడి అరచేతికి ఆనించి రుద్దింది. తర్వాత ఎడమకి ఎడమ. అంతే. అటు అత్తా, బైరాగీ అలాగే రుద్దుకున్నారు. ఇంత తెలివి పెట్టుకుని పిక్కలు కొట్టుకుంటున్నామేమిటని నలుగురూ నిట్టూర్చారు.

బైరాగి సంతకెళ్ళిన రోజు తవిటమ్మకి జోడీ లేకపోయింది. ఆవిడ రోడ్డు మీదికెళ్ళి, ఆగిన బస్సులోంచి టికెట్టు ఇవ్వబోయిన కండక్టరు కుడి చెయ్యి పట్టుకుని చక్కగా రుద్దింది. బస్సు కదిలిపోయింది. కండక్టరు ఎడమ చెయ్యి కూడా బస్సుతోనే పోయింది కాబట్టి ఆవిడ ఎడమ చెయ్యి ఆ పూట పస్తు ఉండిపోయింది.

అక్కడితో ఆగితే బాగుండేది. మర్నాడు బట్టీలో మేస్త్రి ఎదురయ్యాడు. దండం పెడదామంటే రెండు చేతులూ కలపకూడదు. దాలమ్మా కూర్మయ్యా ఒకరికొకరు ఎదురుగా నిలబడి, కుడి అరచేతులు రెండూ కలిపి, మెడలు మేస్త్రి వైపు తిప్పి దండం పెట్టారు. మేస్త్రి తనని వెక్కిరిస్తున్నారనుకున్నాడు. పని దగ్గరా అదే తంతు. పిక్క ఒక చేత్తో పట్టుకుని రెండో చేత్తో కొడితే మందులు కలిసిపోవూ? దాలమ్మ కుడి చేత్తో పిక్క పట్టుకుంది, కూర్మయ్య కుడి చేత్తో కొట్టాడు. దెబ్బ దాలమ్మ బొటనవేలి మీద పడింది. పక్కనే తవిటమ్మ పట్టుకున్న పిక్కని బైరాగి కొడితే అది ఎగిరి మేస్త్రి నుదుటికి తగిలింది. ఇంకేముంది, చేతులు బాగయ్యేదాకా బట్టీ గుమ్మం తొక్కొద్దని నలుగుర్నీ బయటికి పంపేశాడు.

కొన్ని వారాలకి డాక్టరమ్మ పరీక్ష చెయ్యడానికి వచ్చింది. జాడీ దిగింది, అన్నం పొగలు కక్కుతోంది. దాలమ్మ ముందు కుడి చెయ్యి పెట్టింది. పెట్టిన వేళ్ళు పెట్టినట్టే తీసి నీళ్ళ చెంబులో ముంచింది. తర్వాత భయం భయంగా ఎడమ చెయ్యి పెట్టింది. కలిపింది. ఇంకా కలిపింది. మంట లేదు. ముద్ద చేసింది, గుండ్రంగా, ఎర్రగా, నూనె కారుతూ. నోటి దాకా తెచ్చింది.

"ఎడం సేత్తోనా? వొద్దే కోడలా. పరువు పోద్ది" అంది తవిటమ్మ.

ముద్ద పళ్ళెంలోకి జారిపోయింది. దాలమ్మ కళ్ళ నిండా నీళ్ళు తిరిగాయి.

డాక్టరమ్మ మాత్రం పొంగిపోయింది. ఊళ్ళో ఈ డబ్బాలు పుచ్చుకున్న వాళ్ళందరికీ ఎడమ చేతులే నయమయ్యాయట, మందు నీలం మూత డబ్బాలోనే ఉందని పట్నం వాళ్ళు కూడా చెప్పారట. ఇక రెండు చేతులకీ అదే రాసుకోమంది. తూముల వారు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఎడమ చేతి మందు కుడి చేతికి అంటకూడదని ఈవిడే కదా చెప్పింది. పరీక్ష అయిపోయింది కాబట్టి ఆ రూలు తీసేశామంది డాక్టరమ్మ.

"మమ్మల్ని అడక్కండానే తీసీసినారేటి?" అన్నాడు కూర్మయ్య.

డాక్టరమ్మ నాలిక కరుచుకుంది. అడగకుండా ఏదీ చెయ్యమని తనే మాటిచ్చింది మరి. అయితే ఇప్పుడు అడుగుతున్నానంది. రూలు ఉండాలనేవాళ్ళు చెయ్యెత్తమన్నాడు బైరాగి. నలుగురూ ఎత్తారు. కుడి చెయ్యి మండుతున్నా దాలమ్మ ఆ చెయ్యే ఎత్తింది. రూలు నెగ్గింది. డాక్టరమ్మ తల పట్టుకుని, అడిగి, వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం దాలమ్మ బీరువా అద్దం ముందు నిలబడి ముడి వేసుకుంటూ ఉలిక్కిపడింది. తను ఎడమ చెయ్యి ఎత్తితే అద్దంలో దాలమ్మ కుడి చెయ్యి ఎత్తుతోంది. మళ్ళీ ఎత్తి చూసింది. కుడే. అంతే, పరుగున వెళ్ళి అన్నం పళ్ళెం తెచ్చి అద్దం ముందు చతికిలబడింది. ఎడమ చేత్తో ముద్ద కలిపి, అద్దంలోకి చూస్తూ నోట్లో పెట్టుకుంది. అద్దంలో ఆవిడ ఎంతో మర్యాదగా కుడి చేత్తో తింటోంది. అత్త వచ్చి పట్టి పట్టి చూసి, తప్పేం లేదని తనూ పళ్ళెం తెచ్చుకుంది. ఏళ్ళ తరబడి దాచుకున్న ఆకలి అంతా తీరేలా దాలమ్మ ఆ పూట జాడీలో సగం ఖాళీ చేసింది.

తర్వాతి వారం డాక్టరమ్మ వచ్చేసరికి నలుగురూ అద్దం ముందు ఒకరినొకరు నెట్టుకుంటూ భోజనం చేస్తున్నారు. ఆవిడకి ఒక్క క్షణంలో సంగతి అర్థమైంది, మరు క్షణంలో ఆలోచన తట్టింది. అద్దంలో చూస్తే మీ కుడి చెయ్యి ఎడమ చెయ్యి అవుతుంది కదా, మరి దానికి నీలం మూత మందు రాస్తే రూలు తప్పినట్టు కాదు కదా అంది. తూముల వారు ఆశ్చర్యపోయారు. సావాసం వల్ల డాక్టరమ్మకి కూడా తెలివి అంటుకుంటోందని తవిటమ్మ మెచ్చుకుంది. గెలిచాననుకుని డాక్టరమ్మ హాయిగా వెళ్ళింది.

ఆ రాత్రి దాలమ్మ అద్దానికి కుడి అరచెయ్యి చూపించింది. కూర్మయ్య చెంచాతో నీలం మూత డబ్బాలోంచి మందు తీసి, అద్దంలో కనిపిస్తున్న చేతికి దట్టంగా పులిమాడు. గాజు మీద మందు గడ్డలు కట్టింది. దాన్ని బాగా రుద్దాలి. ఎడమ చెయ్యి పెడితే అద్దంలో అది కుడి అవుతుంది, ఎడమ చేతి మందు దానికి అంటుతుంది, రూలు తప్పుతుంది. అందుకని దాలమ్మ కుడి అరచెయ్యే గాజుకి ఆనించి, అద్దంలో ఆవిడ చేతికి మందు ఇంకేదాకా రుద్దింది. రోజూ రుద్దింది. తన చేతికి అంటిన మందు సంగతి ఎవరూ పట్టించుకోలేదు, రాసింది అద్దంలో ఆవిడకి కదా.

అంతే, దాలమ్మ కుడి చెయ్యి మెల్లగా చల్లబడింది. పుండ్లు మానాయి, కొత్త చర్మం వచ్చింది. అద్దంలో ఆవిడకి మందు వేస్తే తనకి నయమైందని అందరూ ముక్కు మీద వేలేసుకున్నారు.

డాక్టరమ్మని పిలిచారు. ఆవిడ ఆ చెయ్యి పట్టుకుని వేలు వేలూ తడిమి చూసి, కళ్ళు తుడుచుకుంది. ఆవకాయ పరీక్ష కానివ్వమంది. దాలమ్మ గాజు తళతళలాడేలా తుడిచి, అద్దం ముందు కూర్చుని, కుడి చేత్తో వేడి అన్నం కలిపింది. మంట లేదు. ఎన్నాళ్ళుగానో ఎదురుచూసిన ముద్ద అది, తన కుడి చేతి ముద్ద. నోటి దాకా తెచ్చి, సంతోషంగా అద్దంలోకి చూసింది.

అద్దంలో ఆవిడ సిగ్గు లేకుండా ఎడమ చేత్తో తినబోతోంది.

ఇంకేముంది, దాలమ్మ ముద్ద పళ్ళెంలో పడేసింది. బాగైన కుడి చేతిని వీపు వెనక దాచుకుంది. డాక్టరమ్మ ముందు పరువు దక్కిందనుకుంటూ, ఆ ముద్దే ఎడమ చేత్తో తీసి తృప్తిగా నోట్లో పెట్టుకుంది.